పైన ఏసీ చల్లదనం, ఇంటి కింద చెమ్మ: క్రాల్ స్పేస్‌లో బూజు వదిలించుకోవడం ఎలా

పోయిన జులైలో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఒరేయ్, మీ ఇంట్లో తడిసిన గోనెసంచి వాసన వస్తోందేంట్రా" అంది. నాకూ మా ఆవిడకూ ఆ వాసన ఎప్పుడూ తెలియలేదు. రాక కాదు, ముక్కు అలవాటు పడిపోయింది. అమెరికాలో, నార్త్ కరోలినాలో కేరీ పక్కన ఈ ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్నాం. ఇంటి కింద మూడడుగుల ఖాళీ, ఇక్కడ క్రాల్ స్పేస్ అంటారు, ఉందని తెలుసు, కొనేటప్పుడు ఇన్‌స్పెక్టర్ దూరి వచ్చాడని కూడా తెలుసు, కానీ నేను మాత్రం ఒక్కసారీ దూరిన పాపాన పోలేదు.

ఆ శనివారం దూరాను. వంటగది కింద వెల్లకిలా పడుకుని టార్చి పైకి వేస్తే ఏసీ గాలి వెళ్లే వెండి రంగు గొట్టం, అదే డక్టు, ఒళ్లంతా చెమట. చుక్కలు డక్టు అడుగున వరసగా చేరి, ఒక్కోటీ బరువెక్కి, కింద చిరిగిన ప్లాస్టిక్ షీటు మీద టప్‌మని పడుతున్నాయి. పక్కన ఫ్లోర్‌ని మోసే చెక్క దూలాల (జాయిస్టుల) మధ్య ఉండాల్సిన గులాబీ రంగు ఇన్సులేషన్ దూది సగం ఊడిపోయి తడిసిన దుప్పటిలా వేలాడుతోంది. చెక్క మీద మచ్చలు, వారం రోజులు బయట మర్చిపోయిన పెరుగు గిన్నె మీద తేలే బూజు చూడండి, అచ్చం అలా, తెల్లగా, అక్కడక్కడా బూడిద రంగులో.

ఒక కంపెనీ వాళ్లను పిలిస్తే పావుగంటలో 18 వేల డాలర్ల కొటేషన్ చేతిలో పెట్టారు. తేమ ఒక్కచోట కూడా కొలవలేదు, ఏసీ నీళ్లు ఎటు పోతున్నాయో చూడలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. రెండు నెలల వారాంతాలు ఖర్చుపెట్టి చాలామటుకు నేనే చేసుకున్నాను. చేసిన వరసలోనే చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో వరసే ముఖ్యం, బూజు మందు కొట్టడంతో మొదలుపెట్టినవాళ్లు వచ్చే ఏడాది మళ్లీ కొట్టాల్సిందే.

అసలు కింద ఏం జరుగుతోంది

మన ఊళ్లో ఇల్లంటే పునాది కట్టి, లోపల మట్టీ ఇసుకా నింపి, దిమ్మిస కొట్టి, పైన గచ్చు. కింద ఖాళీ అనేదే ఉండదు. ఇక్కడ నార్త్, సౌత్ కరోలినాల్లో, జార్జియా, టెనెసీల్లో చాలా ఇళ్లకు చుట్టూ బ్లాకుల గోడ కట్టి, దాని మీద చెక్క జాయిస్టులు వేసి, పైన ఫ్లోర్ కొడతారు. మధ్యలో మిగిలే ఖాళీయే క్రాల్ స్పేస్. పాకుతూ వెళ్లాలి కాబట్టి ఆ పేరు. ఏసీ డక్టులు, డ్రెయిన్ పైపులు, చాలా ఇళ్లలో గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోసే పెట్టె, ఎయిర్ హ్యాండ్లర్ కూడా అక్కడే ఉంటాయి. గోడకు చుట్టూ గాలి ఆడడానికి చిన్న చిన్న కిటికీల్లాంటి వెంట్లు పెడతారు, గాలి ఆడితే చెమ్మ ఆరిపోతుందని పాతకాలం నమ్మకం. చలికాలంలో ఆ నమ్మకం కొంత నిజమే. వేసవిలో మాత్రం బోల్తా కొడుతుంది.

జులైలో ఇక్కడ ఒక మామూలు మధ్యాహ్నం తీసుకోండి. 88 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, గాలిలో తేమ 65 శాతం. ఆ గాలి డ్యూ పాయింట్ దాదాపు 75. అంటే 75 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ ఉన్న దేన్ని తాకినా ఆ గాలి నీళ్లు వదిలేస్తుంది, మజ్జిగ గ్లాసు బయట చుక్కలు పట్టినట్టు. ఇంటి కింద నేల, బ్లాకుల గోడ ఆ సమయంలో 70 చుట్టుపక్కల ఉంటాయి. ఇక డక్టులో ఏసీ పంపే గాలి 55 డిగ్రీలు. వెంట్ల గుండా లోపలికి వచ్చిన ఆ ఉక్కగాలికి నీళ్లు వదలడానికి ఎన్ని చోట్లు దొరుకుతాయో మీరే చూడండి. ఆరబెడుతుందనుకున్న గాలే తడుపుతోంది.

రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ ఇదే రాష్ట్రంలో ప్రిన్స్‌విల్ అనే ఊళ్లో ఒకే సైజు ఇళ్లు 12 తీసుకుని, కొన్నిటికి వెంట్లు తెరిచి, కొన్నిటికి మూసి, ఏళ్ల తరబడి కొలిచింది. వెంట్లున్న ఇళ్ల కింద వేసవిలో తేమ ఎక్కువగానే ఉండిపోయింది, మూసి నేల కప్పేసిన ఇళ్ల కింద 60 శాతం లోపు నిలిచింది, పైగా వాటికి ఏసీ, హీటింగ్ ఖర్చు 15 శాతానికి పైగా తగ్గింది. ప్రిన్స్‌విల్ అంటే 1999లో ఫ్లాయిడ్ హరికేన్‌కి మునిగిపోయిన ఊరు, తేమ గురించి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇంట్లో వేడి గాలి పైకి వెళ్లి అటకలోంచి జారుకునేకొద్దీ కింది గాలి ఫ్లోర్ సందుల్లోంచి పైకి వస్తుంది. మన వంటకి పెట్టించుకున్న పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే ఇంకా లాగుతుంది. అంటే క్రాల్ స్పేస్‌లో ఉన్న బూజు గాలి కింద ఉండిపోదు, మీరు పీలుస్తున్నారు. అమ్మకు వచ్చిన వాసన అదే.

దూరే ముందు

ఎన్-95 మాస్కు, పక్కల సందుల్లేని గాగుల్స్, మోచేతి దాకా వచ్చే గ్లవ్స్, పారేసే కవరాల్ సూటు, తలకు కట్టుకునే లైటు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు దూరకూడదు, వాళ్లను ఆ రోజు ఇంట్లోనే ఉంచకపోతే ఇంకా మంచిది. బయట ఒక మనిషి ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. కాపర్‌హెడ్ పాములు, బ్లాక్ విడో సాలీళ్లు ఈ రాష్ట్రంలో మామూలే, తలుపు తీసి ముందు లైటు వేసి మూలలు చూడండి. ఒంటె గూనితో గెంతే పెద్ద కీచురాళ్లలాంటివి మీదకు దూకుతాయి, అవి ఏమీ చేయవు, నేను మాత్రం మొదటిసారి తల జాయిస్టుకి కొట్టుకున్నాను. కింద నీళ్లు నిలిచి ఉంటే, ఆ నీళ్ల దగ్గర వైర్లు గానీ మిషన్లు గానీ ఉంటే దూరొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మొదటి పని: కొలవడం

తేమ, ఉష్ణోగ్రత చెప్పే చిన్న సెన్సర్లు, ఫోన్‌కి కలిసేవి, మూడు కొనండి. ఒకటి బయట నీడలో, ఒకటి క్రాల్ స్పేస్ మధ్యలో, ఒకటి ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర. చెక్కలో తేమ కొలిచే రెండు సూదుల మీటరు ఒకటి. అన్నీ కలిపి వంద డాలర్ల లోపే. ఒక వారం వదిలేసి చూడండి.

చాలామంది తేమ శాతం చూసి కంగారుపడతారు, అది ఉష్ణోగ్రతను బట్టి మారిపోతూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని దొంగను కనిపెట్టలేం. చూడాల్సింది డ్యూ పాయింట్. కింద డ్యూ పాయింట్ బయటి దానితో దాదాపు సమానంగా, దాంతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే, చెమ్మ వెంట్ల గుండా బయటి నుంచి వస్తోంది. బయటికన్నా కింద ఎక్కువ ఉంటే, నీళ్లు లోపలే పుడుతున్నాయి, నేల లోంచో, పైపు లీకు నుంచో, ఏసీ డ్రెయిన్ నుంచో. మా ఇంట్లో బయట 72 ఉన్న రోజు మధ్యలో 73, ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర 76. అంటే రెండూ ఉన్నాయి, పైగా పెద్ద దొంగ ఎయిర్ హ్యాండ్లర్ పక్కనే ఉన్నాడు.

చెక్కలో సూదులు గుచ్చితే 15 శాతం లోపు వస్తే దిగులు లేదు. 19, 20 దాటితే బూజుకి పండగే. 28 దగ్గరకు వస్తే చెక్క కుళ్లడం మొదలవుతుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగిపోతే ఇక ఆ పని మీదీ నాదీ కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి. నాకు బాత్రూమ్ కింద 24 వచ్చింది, మిగతా చోట్ల 18, 19.

ఇక బ్లాకు గోడల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు కాకపోవచ్చు. మన ఊళ్లో పాత గోడలు ఉప్పు పట్టి రాలుతాయే, అదే. కొంచెం నీళ్లు చిలకరించండి, కరిగిపోతే ఉప్పు. కానీ గోడలో నీళ్లు పాకుతున్నాయని అర్థం, దాన్ని బయటి నుంచే ఆపాలి.

రెండో పని: ఏసీ నీళ్లు ఎటు పోతున్నాయో వెతకడం

ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలో తేమను పిండుతుంది కూడా. వేసవిలో ఒక ఇంటి ఏసీ రోజుకు 5 నుంచి 20 గ్యాలన్ల నీళ్లు తీస్తుంది. ఆ నీళ్లు గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ కింద పళ్లెంలో పడి, ముప్పావు అంగుళం పీవీసీ పైపులోంచి బయటికి పోవాలి.

మా ఇంట్లో ఆ పైపు గోడకు ఒక అడుగు ముందే జాయింటు ఊడి ఉంది. ఎప్పుడు ఊడిందో దేవుడికే తెలియాలి. రోజుకు పది గ్యాలన్లు అనుకున్నా, ఒక వేసవిలో ఇంటి కింద మట్టిలో పోసిన నీళ్లు లెక్కపెడితే వెయ్యి దాటుతాయి. ఏటా మెయింటెనెన్స్‌కి వచ్చినాయన ఫిల్టర్ మార్చి సంతకం పెట్టి వెళ్లాడే గానీ టార్చి ఆ వైపు వేయలేదు.

కాబట్టి ముందు బ్రేకర్ ఆపి, ప్యానెల్ తీసి, పళ్లెంలో ఒక సీసాడు నీళ్లు పోయండి. బయట పైపు చివర నుంచి రావాలి. రాకపోతే లోపల పాచి అడ్డం పడింది, బయటి చివర నుంచి తడి పొడి రెండూ లాగే షాప్ వాక్యూమ్ పెట్టి రెండు నిమిషాలు లాగితే జెల్లీలాంటి ముద్ద బయటికొస్తుంది. పైపు వాలు అడుగుకి ఎనిమిదో వంతు అంగుళమైనా ఉండాలి, మధ్యలో కడుపులా జారకూడదు. ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర సింకు కింద ఉన్నట్టే ఒక ట్రాప్ వంపు ఉండాలి. బ్లోయర్ గాలి లాగే ఒత్తిడికి ఆ వంపు లేకపోతే నీళ్లు కిందికి దిగవు, పళ్లెం నిండి పొర్లుతుంది.

పొంగితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఉంటే, ఏసీ నడుస్తున్నప్పుడు వేలితో పైకి లేపితే ఏసీ ఆగాలి. లేకపోతే పెట్టించండి, ఖర్చు పెద్దది కాదు. వేసవిలో నెలకోసారి పైపులో ఒక కప్పు వెనిగర్ పోస్తే పాచి పట్టదు. పైపు చివర గోడకు దూరంగా వదలండి. మాది నాలుగడుగుల అవతలికి పొడిగిస్తే అమ్మ అక్కడ బంతి నారు పోసింది.

ఎయిర్ హ్యాండ్లర్‌కి వచ్చే రెండు రాగి గొట్టాల్లో లావుది, నల్ల ఫోమ్ తొడుగు ఉన్నది, అది కూడా చూడండి. ఏసీ నడిచినంతసేపూ చల్లగా ఉంటుంది. తొడుగు చిరిగిన ప్రతిచోటా చుక్కలు కారతాయి. పది డాలర్ల ఫోమ్ ట్యూబు తెచ్చి తొడిగి, చీలికను టేపుతో పూర్తిగా మూసేస్తే ఆ గొడవ వదిలింది.

వాన నీళ్లు

దీని మీద ఎక్కువ చెప్పను, కానీ వదిలేయకండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 620 గ్యాలన్ల పైన నీళ్లు. కప్పు అంచున ఉండే కాలువ, అదే గటర్, నిండి గోడ పక్కనే కారుతుంటే కింద మీరు ఏం చేసినా దండగ. గటర్లు శుభ్రం చేసి, వాటి నుంచి కిందికి దిగే గొట్టాలు (డౌన్‌స్పౌట్లు) దూరంగా పొడిగించి, గోడ నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలైనా వాలేలా మట్టి వేయండి. పూలమొక్కల మొదళ్లలో వేసే చెక్కపొట్టు (మల్చ్) వెంట్ల దాకా పేర్చి ఉంటే తీసేయండి. వాన పడుతుండగా గొడుగేసుకుని ఒక చుట్టు తిరిగితే ఎక్కడ నిలుస్తోందో మీకే తెలుస్తుంది. బట్టల డ్రయ్యర్ గొట్టం బయటి దాకా వెళ్తోందో, కిందే వదిలేస్తోందో కూడా అదే రోజు చూసేయండి.

డక్టులు, అసలు కథంతా ఇక్కడే

డక్టు లీకు రెండు రకాల చెడుపు చేస్తుంది. చల్లగాలి పంపే సప్లై డక్టు కారితే పక్కనున్న చెక్క, గోడ చల్లబడి వాటి మీద నీళ్లు పడతాయి. గాలి వెనక్కి లాగే రిటర్న్ డక్టు కారితే ఇంటి కింది బూజు గాలిని పీల్చి సరాసరి మీ పడగ్గదిలో వదులుతుంది. ఏసీ వేసుకుని, సాంబ్రాణి కడ్డీ గానీ సన్నగా పొగ వచ్చేదేదైనా గానీ జాయింట్ల దగ్గర పట్టుకుంటే పొగ బయటికి తోసుకుపోతోందో లోపలికి పీల్చుకుపోతోందో కనిపిస్తుంది. ఊడిన ఇన్సులేషన్‌కి దూరంగా పట్టుకోండి, దానికున్న కాగితం అంటుకుంటుంది.

డక్ట్ టేపు అని పేరే గానీ ఆ బట్ట టేపు డక్టులకు పనికిరాదు, ఒకటి రెండు వేసవుల్లో ఎండి రాలిపోతుంది. కావాల్సింది మాస్టిక్, బూడిద రంగులో దోశ పిండి కన్నా గట్టిగా ఉండే పేస్టు. చవక బ్రష్షుతో ప్రతి జాయింటుకీ మందంగా పూయాలి, పావు అంగుళం కన్నా పెద్ద సందైతే మధ్యలో ఫైబర్ జాలీ టేపు పెట్టి పూయాలి. ఒళ్లంతా అవుతుంది, పాత బట్టలు వేసుకోండి.

వెండి రంగు ఫ్లెక్స్ డక్టుకి మూడు పొరలుంటాయి. లోపలి గొట్టం, మధ్యలో ఫైబర్ దూది, పైన జాకెట్టు. చాలామంది పనివాళ్లు లోపలి గొట్టాన్ని బిగించి, పై జాకెట్టు చివర అలాగే వదిలేస్తారు. ఆ తెరిచిన చివర లోంచి ఉక్కగాలి దూదిలోకి దూరి, చల్లటి లోపలి గొట్టాన్ని తాకి నీళ్లవుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, చేత్తో ఎత్తితే మాత్రం నీళ్లసంచిలా బరువుగా ఉంటుంది. మా బాత్రూమ్ కింద అదే. దూది తడిసిన ముక్క ఇక ఆరదు, కోసేసి కొత్తది వేయాల్సిందే, ఆర్-8 అని రాసి ఉన్నది తీసుకోండి. లోపలి గొట్టం కాలరు మీదకు లాగి నైలాన్ టై బిగించి, మాస్టిక్ పూసి, దూది చివరిదాకా లాగి, జాకెట్టుకి ఇంకో టై, దాని మీద ఫాయిల్ టేపు. జాకెట్టు సందు అనేది కనిపించకూడదు.

డక్టు నేలను తాకకూడదు, రెండు డక్టులు ఒకదానికొకటి ఒరుసుకోకూడదు, ఒరుసుకున్న చోట దూది నలిగి అక్కడే చెమట పడుతుంది. సన్న తీగలతో కట్టినా నలుగుతుంది, ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలతో నాలుగడుగులకొకటి వేలాడదీయండి.

ఇక ఫ్లోర్ రిజిస్టర్ల, అంటే నేలలో గాలి వచ్చే జల్లెడల కింద ఉండే రేకు పెట్టెలు, వాటిని బూట్ అంటారు. మా పూజ గది కింద బూట్ చుట్టూ చెక్క మీద తుప్పు రంగు వలయం, దాని మీద బూజు. బూట్‌కి ఫ్లోర్‌కి మధ్య సందు ఉండడమే కారణం. పైనుంచి జల్లెడ తీసి, లోపల అంచు చుట్టూ మాస్టిక్ పూసి, కింద నుంచి బూట్‌కి ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ చుట్టి అంచులన్నీ టేపు వేస్తే ఆగిపోయింది.

ఫిల్టర్ మురికిపట్టి గాలి తగ్గితే కాయిల్ ఇంకా చల్లబడి డక్టులు ఇంకా చెమర్చుతాయి. మేము మూడు నెలలకోసారి మార్చేవాళ్లం. ఇప్పుడు వేసవిలో నెలనెలా చూస్తున్నాను.

బూజు తీయడం

నీళ్లు ఆగాయని నమ్మకం కుదిరాకే ఇది. మొత్తం కలిపి 10 చదరపు అడుగుల లోపు అయితే, అంటే సుమారు మూడడుగుల చదరం, సొంతంగా చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అంతకన్నా చాలా ఎక్కువుంటే, లేదా మురుగు నీళ్లు కలిస్తే, తెలిసినవాళ్లను పిలవండి.

ఏసీ పూర్తిగా ఆపండి, లేకపోతే రాలే పొడి రిటర్న్‌లోకి పోయి ఇల్లంతా చల్లుతుంది. తడిసిన ఇన్సులేషన్ నెమ్మదిగా ఊడదీసి అక్కడికక్కడే సంచిలో పెట్టి మూతి కట్టండి, ఈడ్చుకుంటూ తేవద్దు. పాత ప్లాస్టిక్ షీటు అప్పుడే తీయకండి, రాలిందంతా దాని మీద పడి దానితోపాటే చుట్టి పారేయొచ్చు. చెక్కను సన్న ధూళిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో లాగి, సబ్బు నీళ్లలో తడిపి పిండిన బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, మళ్లీ హెపా. నీళ్లు గుమ్మరించొద్దు, మనం వచ్చిందే తడి తగ్గించడానికి. ఆరాక బోరేట్ ద్రావణం పట్టిస్తే చెక్కకు బూజు నుంచీ చెదల నుంచీ కొంత కాపుదల.

బ్లీచ్ కొట్టమని మా ఆఫీసులో పదిమంది చెప్పారు. మామూలుగా ఈ పనికి దాన్ని ఈపీఏ కూడా సిఫారసు చేయదు, పైగా ఆ ఇరుకులో ఆ ఘాటు పీలిస్తే మీరే పడిపోతారు, అమోనియాతో కలిస్తే విషమే. బూజు ఏ జాతిదో కనుక్కునే టెస్టు కిట్లకు డబ్బు తగలేయొద్దు, ఏ జాతిదైనా చేసే పని ఒకటే. బూజు మీద పెయింట్ వేసి కప్పేస్తామనేవాళ్లను గేటు దగ్గరే పంపేయండి. తోమాక కూడా చెక్క మీద నీలం నలుపు మరకలు మిగులుతాయి. అవి మరకలే, తడి లేకపోతే పెరగవు.

నేల కప్పడం

మట్టి పొడిగా కనిపించినా లోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ ముక్క వేసి అంచులకు రాళ్లు పెట్టి మర్నాడు ఎత్తి చూడండి, అడుగున చుక్కలుంటాయి. కప్పే ప్లాస్టిక్ షీటు 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం కనీసం, మోకాళ్ల మీద పాకినా చిరగకూడదంటే 10 లేదా 12 వేయండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కించి, అతుకులు టేపు వేసి, స్తంభాల చుట్టూ కత్తిరించి అతికించి, గోడ మీదకు ఎక్కించాలి. పూర్తిగా పైదాకా వద్దు. గోడ పైన, చెక్క మొదలయ్యే ముందు మూడంగుళాలు ఖాళీగా వదలాలి, చెదపురుగుల మట్టి గొట్టాలు ఏర్పడితే ఇన్‌స్పెక్టర్‌కి కనిపించాలి కదా. చెదల మందు కంపెనీతో ఒప్పందం (టెర్మైట్ బాండ్) ఉంటే వాళ్లతో ముందే మాట్లాడండి, కొందరు బాండ్ రద్దు చేస్తారు.

వెంట్లు మూసే ముందు ఒక్క నిమిషం

కింద గ్యాస్ ఫర్నేస్ గానీ గ్యాస్ వాటర్ హీటర్ గానీ ఉందా? ఉంటే అది మండడానికి గాలి ఎక్కడి నుంచి తీసుకుంటోంది? క్రాల్ స్పేస్ గాలినే వాడే పాత రకం అయితే వెంట్లు మూయకూడదు. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, ఇది ప్రాణాలతో పని. బయటి నుంచి సొంత గొట్టంతో గాలి తీసుకునే సీల్డ్ రకం అయితే పరవాలేదు. తెలియకపోతే ఏసీ, హీటింగ్ చూసే హెచ్‌వీఏసీ టెక్నీషియన్‌ చూసి చెప్పేదాకా ముట్టుకోవద్దు. అప్పటిదాకా పైన చెప్పినవన్నీ చేసుకోవచ్చు, వాటితోనే సగానికి పైగా తగ్గుతుంది.

ఆ గండం లేకపోతే వెంట్లన్నీ మూయాలి. సగం మూసి సగం వదలడం వృథా. గట్టి ఫోమ్ బోర్డు సైజుకి కోసి లోపలి నుంచి పెట్టి చుట్టూ ఫోమ్ స్ప్రే. నిప్పు విషయంలో క్రాల్ స్పేస్‌లో వాడొచ్చని రాసి ఉన్న బోర్డే కొనండి. పర్మిట్ కావాలో లేదో కౌంటీ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టండి. చెక్కలో తేమ 19 శాతం కన్నా పైన ఉంటే మూశాక వెంటనే ఎండగొట్టాలని ఆత్రపడొద్దు, హార్డ్‌వుడ్ ఫ్లోర్ ఉన్న ఇళ్లలో ఒక్కసారిగా ఆరితే పైన పలకలు ముడుచుకుని సందులు పడతాయి. నెమ్మదిగా, వారానికి ఐదు శాతం చొప్పున, గాలిలో తేమ లాగే మిషన్, అంటే డీహ్యూమిడిఫయర్ సెట్టింగ్ దించుకుంటూ రండి.

మూశాక రెండు రోజుల రేడాన్ (నేల లోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) టెస్టు కిట్ ఒకటి ఇంట్లో పెట్టండి. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే దానికి వేరే పని ఉంది.

డీహ్యూమిడిఫయర్

మూసిన క్రాల్ స్పేస్‌కి తేమ లాగే దారి ఒకటి ఉండి తీరాలి. ఏసీ డక్టు నుంచి కొంచెం గాలి కిందికి వదలడం ఒక పద్ధతి, ఇళ్ల నిర్మాణ నిబంధనల్లో (కోడ్‌లో) కూడా ఉంది. కానీ ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో వాన పడుతూ చల్లగా ఉన్న రోజుల్లో ఏసీ నడవదు, చెమ్మ మాత్రం ఉంటుంది. అందుకే నా ఓటు డీహ్యూమిడిఫయర్‌కే. కోడ్ లెక్క వెయ్యి చదరపు అడుగులకు రోజుకు 70 పైంట్లు (పైంటు అంటే దాదాపు అర లీటరు). అయితే అట్టపెట్టె మీద అంకెతో జాగ్రత్త, 2019 నుంచి చిన్న మిషన్లను 80 బదులు 65 డిగ్రీల దగ్గర కొలుస్తున్నారు, అందుకే పాత 70 పైంట్ల మిషనే ఇప్పుడు 50 అని అమ్ముడవుతోంది. క్రాల్ స్పేస్ కోసమే చేసినవి ఖరీదు, కానీ చల్లదనంలో ఐసు పట్టకుండా నడుస్తాయి. నేను ముందు 250 డాలర్ల మామూలుది పెట్టి నాలుగు నెలల్లో పాడుచేసుకున్నాక అదే కొన్నాను.

55 శాతం దగ్గర సెట్ చేసి, నీళ్లు పంపుతో బయటికి పంపండి. 600 వాట్ల మిషన్ రోజుకు 12 గంటలు నడిస్తే 7.2 యూనిట్లు, యూనిట్ 13 సెంట్లు అనుకుంటే నెలకు 28 డాలర్లు. లీకులన్నీ కట్టాక అంతసేపు నడవదు, మాది ఇప్పుడు నాలుగైదు గంటలే.

పైన ఇంట్లో

మేము థర్మోస్టాట్ 68లో పెట్టి రాత్రిళ్లు దుప్పట్లు కప్పుకునేవాళ్లం. ఫ్లోర్ అడుగు అంత చల్లబడితే కింద నీళ్లు పట్టకేం చేస్తాయి. ఇప్పుడు 75, సీలింగ్ ఫ్యాన్. అమ్మకు 78 అయినా పరవాలేదట. ఫ్యాన్ సెట్టింగ్ "ఆన్"లో కాకుండా "ఆటో"లో పెట్టండి, ఆన్‌లో ఉంటే ఏసీ ఆగాక కూడా కాయిల్ మీది తడిని గాలి మళ్లీ ఇంట్లోకి ఊదుతుంది. ఏసీ ఏడెనిమిది నిమిషాలకే ఆగి ఆగి నడుస్తుంటే అది ఇంటికి మించిన సైజు కావచ్చు, అలాంటిది చల్లబరుస్తుంది గానీ తేమ లాగదు. ఇప్పుడు మార్చలేకపోయినా, మార్చే రోజు వచ్చినప్పుడు "ఇంకో అర టన్ను ఎక్కువ వేద్దాం సార్" అనేవాళ్ల మాట వినొద్దు, ఇంటికి ఎంత చల్లదనం కావాలో లోడ్ లెక్క వేయమనండి.

సెన్సర్లు అక్కడే వదిలేయండి. పనులయ్యాక మొదటి రెండు వారాలు అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి, కంగారు పడొద్దు, నేలలోని తడి ఇంకా వస్తుంటుంది. నెలకి స్థిరపడాలి. మాకు బాత్రూమ్ కింద 24 ఉన్న చెక్క సెప్టెంబర్ ఆఖరుకి 16, క్రిస్మస్‌కి 13. ఆ తర్వాత ఎప్పుడైనా తేమ 60 దాటి రెండు రోజులు దిగకపోతే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా పెట్టుకున్నాను. మే నెలలో ఒకసారి వచ్చింది. దూరి చూస్తే డీహ్యూమిడిఫయర్ పంపు గొట్టం ఊడి ఉంది, ఐదు నిమిషాల పని.

ఏడాదికి రెండుసార్లు, ఏసీ మొదలెట్టే ముందు ఏప్రిల్‌లో, మళ్లీ జులై మధ్యలో ఏసీ నడుస్తుండగానే దూరండి. జులైలో దూరడమే ముఖ్యం, చలికాలంలో ఇన్‌స్పెక్షన్ చేయించుకుంటే అన్ని డక్టులూ పొడిగానే కనిపిస్తాయి.